నరానికీ కండకీ మధ్య సందు

దాచేపల్లి,
ఫిబ్రవరి, మిరప కోతల రోజులు.

చి. బుజ్జికి,



మొన్న ఫోన్లో "నరాల పాఠంలో పేర్లన్నీ నోటికొచ్చాయి అమ్మమ్మా, లోపల ఏం జరుగుతుందో మాత్రం కళ్ళకు కట్టట్లేదు" అన్నావు. ఆ మాట నాకు బాగా నచ్చింది. నర్సుగా ముప్పై రెండేళ్ళు పల్నాడు వార్డుల్లో తిరిగినదాన్ని. పేర్లు తెలిసి, లోపలి సంగతి తట్టక ఒక రాత్రి నేనో పొరపాటు చేశాను. అదీ ఈ ఉత్తరంలో చెబుతాను. హాస్టల్లో తీరిక చూసుకుని చదువుకో.

ముందు 'నరం' అన్న మాట సంగతి తేల్చుకుందాం. సెలైన్ పెట్టేటప్పుడు మనవాళ్ళు "నరం దొరకలేదా సిస్టరమ్మా?" అని అడుగుతారు. అది సిర, రక్తం పారే గొట్టం. మెడ పట్టేస్తే "నరం మీద నరం ఎక్కింది" అంటారు. అది కండరం. మడమ వెనక తాడులా తగిలేదాన్నీ నరమే అంటారు, అది కండను ఎముకకి కట్టే బంధం. ఇక చెయ్యి పట్టుకుని చూసే నాడేమో ధమని కొట్టుకోవడం. ఒక్క మాట మీద ఇన్ని బరువులు వేశాం కాబట్టే నీకు పాఠం మొదట్లోనే తికమక. నువ్వు చదివే నరాన్ని చేత్తో తాకి చూడాలంటే మోచెయ్యి కొంచెం వంచి, లోపలివైపు ఎముక పక్కనున్న గాడిలో వేలితో మెల్లగా నొక్కు. చిటికెనవేలి దాకా జిల్లుమని పాకుతుంది చూడు, అదీ నరం. తెల్లటి దారప్పోగుల కట్ట. పోగు పోగుకీ ఒక కణం యజమాని. నడుము దగ్గర వెన్నుపాములో కూర్చున్న కణం తన పోగును కాలి పాదం దాకా, దగ్గర దగ్గర మీటరు పొడవున చాపి ఉంచుతుంది. కంటికి కనపడని కణానికి అంత పొడవు చెయ్యి! మెదడు ఒక్కదాంట్లోనే ఇలాంటి నాడీకణాలు సుమారు 8,600 కోట్లు ఉంటాయని లెక్క కట్టారు.

నిన్న కల్లంలో కూర్చుని పొద్దుగూకేదాకా తాలు కాయలు ఏరాను. రాత్రికి వేళ్ళు భగభగ మండాయి. లైటు వేసుకుని చూస్తే బొబ్బ లేదు, ఎరుపు కూడా పెద్దగా లేదు. చేతిని చెంపకు ఆనించుకుంటే చల్లగానే ఉంది. మరి ఆ మంట ఎక్కడిది? వేడి తెలుసుకునే నరాల కొసల మీద కొన్ని చిన్న తలుపులుంటాయి. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే అవి తెరుచుకుని, కాలుతోందని కబురు పంపుతాయి. మిరపలోని కాప్సైసిన్ అనే ఘాటు పదార్థం అవే తలుపులకు అతుక్కుని, వేడి లేకుండానే తెరిచేస్తుంది. ఆ తలుపును 1997లో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చిందని విన్నప్పుడు నాకు మన కల్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళ చేతులే గుర్తొచ్చాయి. పక్షుల్లో ఆ తలుపుకు కాప్సైసిన్ తగలదు. అందుకే రామచిలుక పండు మిరపకాయను కులాసాగా కొరుక్కు తింటుంది, విత్తనాలు ఊరంతా చల్లిపోతుంది. ఇంకోటి, ఆ ఘాటు నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఊరికే నీళ్ళతో కడిగితే మంట తగ్గదు. ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి. వేణ్ణీళ్ళు పోస్తే మరీ మండుతుంది, ఎందుకో ఇప్పుడు నీకే తెలుస్తుంది.

కబురు ప్రయాణం ఎలా ఉంటుందో కూడా నీ ఒంటి మీదే చూసుకోవచ్చు. గడప కాలి బొటనవేలికి తగిలినప్పుడు ముందు చురుక్కుమంటుంది, ఒక క్షణం ఆగి, అప్పుడు సలుపుతో కూడిన నొప్పి మెల్లగా పైకి లేస్తుంది. దెబ్బ ఒకటే, నొప్పులు రెండు. మొదటిది మైలీన్ అనే కొవ్వు తొడుగున్న పోగుల్లో సెకనుకు పదీ ఇరవై మీటర్ల వేగంతో వస్తుంది. రెండోది తొడుగు లేని సన్నటి పోగుల్లో సెకనుకు ఒక మీటరు అటూఇటుగా, మనం నడిచే వేగంతో వస్తుంది. కాలి నుంచి తలకి మీటరున్నర దూరం. లెక్క నువ్వే వేసుకో. కండల్ని కదిపే లావు పోగుల్లో అయితే సెకనుకు వంద మీటర్ల దాకా వేగం ఉంటుంది. ఈసారి వార్డులో పేషెంటు "మొదట తెలీలేదు సిస్టర్, తర్వాత మొదలైంది" అంటే అబద్ధమనుకోకు.

పోగులో పాకేది ఏమిటి? మీ పుస్తకంలో కరెంటు అని రాసుంటుంది, నువ్వు వైర్లను ఊహించుకుని ఉంటావు. వైరు బదులు మన సాగర్ కాలువ మీది తూముల్ని తలుచుకో. కణం పొర బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. లోపలికి బయటికి సుమారు 70 మిల్లీవోల్టుల తేడా. అంటే తూము మూసి, ఇవతల నీళ్ళు నిండుగా నిలబెట్టి ఉంచినట్టు. ఒక తూము తెరుచుకోగానే సోడియం లోపలికి దూకుతుంది. ఆ దూకుడుకి పక్క తూము తెరుచుకుంటుంది, దాంతో ఆ పక్కది. నీళ్ళు కాలువ పొడవునా పారనక్కర్లేదు, తూములు వరసగా తెరుచుకుంటూ పోతే చాలు. ఒకసారి తెరిచి మూసిన తూము కొద్దిసేపు మళ్ళీ తెరుచుకోదు కాబట్టి కబురు వెనక్కి మళ్ళదు. కాలి దగ్గర ఎంత బలంగా బయల్దేరిందో తల దగ్గరికీ అంతే బలంగా చేరుతుంది. గట్టి దెబ్బకు పెద్ద కబురు, చిన్న దెబ్బకు చిన్న కబురు అంటూ ఉండవు. గట్టి దెబ్బకు కబుర్లు దబదబా వస్తాయి, చిన్నదానికి ఆగి ఆగి వస్తాయి, అంతే తేడా. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఇద్దరూ సముద్రపు స్క్విడ్ నరం మీద పనిచేసి 1952లో ఈ లెక్కంతా తేల్చారు.

దూకిన సోడియాన్ని మళ్ళీ బయటికి తోడాలి కదా. ప్రతి కణం పొర మీదా తోడే పంపులున్నాయి. మూడు సోడియాలు బయటికి, రెండు పొటాషియాలు లోపలికి. ఆ పంపులకు డీజిలు ఏటీపీ. ఈ పేరు పరీక్ష కోసం చదివి వదిలేయకు. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆ పదార్థాన్ని వెలికితీసిన మనిషి భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు. ఒంటి బరువులో మెదడు రెండు శాతమే, ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో అయిదో వంతు దానికే కావాలి. అందులో పెద్ద వాటా ఈ తోడుడుకే పోతుంది. నిద్రలో కూడా పంపులు ఆగవు.

ఇప్పటిదాకా చెప్పింది నీకు తెలిసిన విషయమే, కాస్త సాగదీశాను. నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడ మొదలవుతుంది.

పోగు చివరిదాకా వచ్చిన కబురు కండ దగ్గర ఆగిపోతుంది. నరం కండను తాకదు. మధ్యలో ఒక సందు. మిల్లీమీటరులో ఇరవై వేలో వంతు, అంటే మన తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. తూముల కబురు ఆ సందును దాటలేదు. నరం కొసలో చిన్న చిన్న సంచుల్లో దాచిన ఎసిటైల్‌కోలీన్ అనే రసాయనం సందులోకి ఒలికి, అవతలి ఒడ్డున కండ మీదున్న తాళాల్లో పడుతుంది. తాళం తెరుచుకుంటే కండ బిగుస్తుంది. ఇలా రసాయనంతో కబురు దాటుతుందని మొదట రుజువు చేసినవాడు ఓటో లోవీ, ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో, 1921లో. నిద్రలో ఆలోచన తట్టి కాగితం మీద గీసుకున్నాడట. పొద్దున చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మళ్ళీ అదే ఆలోచన రాగానే ఈసారి లేచి సరాసరి ప్రయోగశాలకి పోయాడు. రెండు కప్ప గుండెలు తీసుకున్నాడు. ఒకదాని నరాన్ని ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. అది మునిగి ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకు తగిలిస్తే, నరం ముట్టకుండానే అదీ నెమ్మదించింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు.

నా అనుభవంలో పిల్లలంతా ఇక్కడి దాకా చదివి పుస్తకం మూసేస్తారు. కబురు అందింది కదా అనుకుంటారు. అందిన కబురును తుడిచెయ్యకపోతే ఏమవుతుందో చూడరు. ఆ సందులోనే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అని ఒక ఎంజైము కాపు కాసుకుని ఉంటుంది. ఒక్కో అణువు సెకనుకు వేల ఎసిటైల్‌కోలీన్ అణువుల్ని విరిచిపారేస్తుంది. ఒలికిన రసాయనం సెకనులో వెయ్యో వంతుకల్లా మాయం. సందు మళ్ళీ ఖాళీ, తర్వాతి కబురుకు చోటు. నువ్వు కలం పట్టుకుని ఒక అక్షరం రాసి ఆపగలుగుతున్నావంటే, వేలు బిగియడం వల్ల ఎంతో, వదలడం వల్లా అంతే.

ఇక ఆ రాత్రి సంగతి. ఏడాది చెప్పను, ఆసుపత్రి పేరూ చెప్పను. అక్టోబరు నెల, ఎండ ఇంకా చురుక్కుమంటోంది. ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి మంచం మీద మోసుకొచ్చారు. పొద్దుటి నుంచీ పత్తికి మందు కొట్టాడట, చెప్పుల్లేని కాళ్ళు, పలచటి చొక్కా. "ఎండకు కళ్ళు తిరిగి పడిపోయాడమ్మా" అన్నారు. ఒళ్ళంతా చెమట. నేనూ ఎండే అనుకున్నాను. ఫ్యాను కింద పడుకోబెట్టి, తడి గుడ్డ వేసి, వేరే పేషెంటు దగ్గరికి వెళ్ళాను. పది నిమిషాలకు తిరిగొచ్చేసరికి నోట్లోంచి నురగ, కళ్ళల్లోంచి నీళ్ళు, ఛాతీలో గురగుర. టార్చి వేసి చూస్తే కంటిపాపలు గుండుసూది మొనంత. తొడల మీద, చెంపల మీద కండలు చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు అదురుతున్నాయి. వెల్లుల్లి లాంటి ఘాటు వాసన. ఆ వాసన చొక్కాలోంచే వస్తోంది. పది నిమిషాలపాటు ఆ తడిసిన చొక్కాను ఒంటి మీదే ఉంచాను బుజ్జీ, పైగా తడి గుడ్డ కప్పి మరీ. చర్మం దాన్ని పీలుస్తూనే ఉంది. ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ మందు ఆర్గానోఫాస్ఫేట్ జాతిది. అది చేసే పని ఒకటే, సందులో కాపు కాసే ఎంజైమును పట్టుకుని కట్టిపడేయడం. తుడిచే చెయ్యి ఆగింది, ఎసిటైల్‌కోలీన్ పేరుకుపోయింది. కళ్ళు, లాలాజలం, చెమట, పేగులు, ఊపిరితిత్తులు, కండలు, అన్నీ ఒకేసారి "చెయ్యి, చెయ్యి" అన్న కబురుకు ఆగకుండా తలొగ్గుతున్నాయి. పురుగుకూ మనిషికీ ఆ ఎంజైము దాదాపు ఒకటే. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రేడర్ పురుగుమందుల కోసం వెతుకుతూ టాబున్ అనే విషవాయువును తయారుచేశాడు. యుద్ధాల కోసం దాచిన విషాలూ, మన చేలో పంపుతో కొట్టే మందులూ ఒకే కుటుంబం.

డాక్టరుగారు రాగానే చొక్కా కత్తిరించి తీసేశాం, సబ్బునీళ్ళతో తల నుంచి కాళ్ళదాకా కడిగాం. అట్రోపిన్ మీద అట్రోపిన్ ఎక్కించాం, ఛాతీ ఆరేదాకా. పాపలు పెద్దవి కావడం కోసం చూడకూడదు, నోరు ఎండిందని సంబరపడకూడదు, స్టెతస్కోపు పెట్టి గురగుర పోయిందా లేదా అని చూడాలి. ఈ అట్రోపిన్ ఎక్కడిదో తెలుసా? మన కాలవగట్టు మీద తెల్లగా బాకా పూలు పూసే ఉమ్మెత్తలో ఉన్నవి ఇదీ, దీని అన్నదమ్ములూ. ఉమ్మెత్తకాయ తిన్న పిల్లాణ్ణి చూస్తే అన్నీ తలకిందులు. నోరు పిడచగట్టుకుపోయి, పాపలు విప్పారి, ఒళ్ళు ఎర్రబడి, పిచ్చి మాటలు. మందు కొట్టిన కుర్రాడిలో తాళాలు వదలకుండా తెరుచుకుంటున్నాయి, ఉమ్మెత్త పిల్లాడిలో తాళాల్లో ఏదో దూరి మూసేసింది. అలాగని ఎవరికీ ఉమ్మెత్త రసం పోయనివ్వకు, ఎంత మోతాదో ఏ ఆకుకీ తెలీదు. ప్రాణం పోతుంది.

అదే సందుకు ఇంకో అతిథి వస్తుంది. నాగుపాము విషం కండ వైపు తాళాల్లో కూర్చుని కబురు అందకుండా చేస్తుంది. కట్లపాము విషం ఇవతలి ఒడ్డున నరం కొసనే పాడుచేస్తుంది. రాత్రి నేల మీద పడుకున్నవాడు పొద్దున్నే కడుపునొప్పి అని వస్తే, నొప్పి లేని కాటు అనుమానించి ముందు కనురెప్పలు చూడు, వాలుతున్నాయేమో. నాగుపాము కాటుకి యాంటీవీనంతో పాటు నియోస్టిగ్మిన్ ఇస్తాం. దాని పనేమిటి? ఎంజైమును కాసేపు ఆపడం. పురుగుమందు చేసే పనే, కొలిచి, కొద్దిసేపటికి. ఎసిటైల్‌కోలీన్ పెరిగితే తాళాల కోసం విషంతో పోటీ పడగలుగుతుంది. ఒక వార్డులో ప్రాణం తీసే పని పక్క వార్డులో ప్రాణం నిలుపుతుంది. సందు అర్థమైతేనే ఈ తేడా తెలుస్తుంది.

పుస్తకంలో తాళాలు రెండు రకాలని ఉంటుంది కదా, మస్కరినిక్, నికొటినిక్. రెండో పేరు పొగాకు నికొటిన్‌ది. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తరతరాలుగా పండించిన పొగాకే. కండ మీద తాళాలు ఆ రకం. గుండె, గ్రంథులు, పేగులు, ఊపిరి గొట్టాల మీద తాళాలు మొదటి రకం. అట్రోపిన్ మొదటి రకాన్నే మూస్తుంది, కండల జోలికి పోదు. ఈ వాక్యం కింద గీత గీసుకో, కాసేపట్లో పనికొస్తుంది.

చేలో కొట్టే పురుగుమందుల్లో చాలావాటి పని నరాల మీదే. ఇమిడాక్లోప్రిడ్ వెళ్ళి కూర్చునేది పురుగు నికొటినిక్ తాళాల్లో. సింథటిక్ పైరెత్రాయిడ్లు నేను చెప్పిన సోడియం తూముల్ని మూసుకోనివ్వవు. 1980ల రెండో సగంలో ఆ మందులు కొట్టీ కొట్టీ పురుగు మొండికేసి, తెల్లదోమ కమ్మి, మన రెండు జిల్లాల పత్తి రైతులు అప్పుల్లో మునిగారు. 1987-88లో ఎందరు ప్రాణాలు తీసుకున్నారో మీ తాతయ్య తరం మర్చిపోలేదు. వరంగల్ ప్రభుత్వాసుపత్రికి 1997 నుంచి 2002 దాకా పురుగుమందు కేసులు 8,040 వస్తే, నూటికి ఇరవై ఇద్దరికి పైగా దక్కలేదు. వాళ్ళలో ఎక్కువమంది దుఃఖంతో తాగినవాళ్ళే. అలాంటివాళ్ళు నీ వార్డుకు వస్తే "ఎందుకు చేశావు" అని మందలించకు. చెయ్యి పట్టుకో, కడుగు, ఛాతీ విను. వాళ్ళలో చాలామందికి మర్నాడు బతకాలనే ఉంటుంది, నేను చూశాను.

ఆడవాళ్ళ సంగతి ఒకటి. పత్తి పండించే మూడు ఊళ్ళలో ఒక పంటకాలం పొడుగునా రాసిపెట్టుకున్న వివరాలు 2005లో అచ్చయ్యాయి. పంపు వీపున వేసుకునేది మగవాళ్ళయినా, చిక్కటి మందును నీళ్ళలో కలిపి ట్యాంకులు నింపే ఆడవాళ్ళకూ అంతే ప్రమాదమని అందులో తేలింది. ఒళ్ళు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్ళు కూడా ఒక్కరూ ఆసుపత్రికి వెళ్ళలేదు. తలనొప్పి, కళ్ళ మసక, కాళ్ళు లాగడం, వీటిని "మందు వాసన పడలేదు" అని సరిపెట్టుకుంటారు. మన వీధిలోనూ అదే మాట వింటున్నాను. అందుకే మందు కొట్టిన బట్టల్ని ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దని, కలిపేటప్పుడు కర్ర వాడమని, గ్లౌజులు వేసుకోమని కనిపించిన ప్రతి అమ్మాయికీ చెబుతున్నాను. విసుక్కున్నా చెబుతున్నాను.

ఇక కుర్రాడి మాట. రెండో రోజుకి తేరుకున్నాడు. నోరు ఎండింది, ఛాతీ ఆరింది, అమ్మతో మాట్లాడాడు. ఇంటికి ఎప్పుడు పంపుతారని వాళ్ళు అడగడం మొదలెట్టారు. మూడో రోజు పొద్దున నేను మంచం దగ్గర నిలబడి "దిండు మీంచి తల లేపు నాయనా" అన్నాను. లేపలేకపోయాడు. మళ్ళీ అడిగాను. మెడ కండలు బిగిశాయి గానీ తల కదల్లేదు. నువ్వు గీత గీసిన వాక్యం గుర్తు తెచ్చుకో. మొదటి రకం తాళాల్ని అట్రోపిన్ కాచింది. కండల మీది తాళాలు మూడు రోజులుగా కబురు వరదలో తడిసి, ఇక పలకడం మానేశాయి. ముందు పోయేది మెడ, తర్వాత ఊపిరి కండలు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య వచ్చే ఈ దశను కనిపెట్టకుండా, బాగయ్యాడనుకుని ఇంటికి పంపితే దారిలోనే పోతాడు. పరిగెత్తి డాక్టరుగారిని పిలిచాను. సాయంత్రానికి ఊపిరి చాలలేదు, గొట్టం వేశారు. వెంటిలేటరు ఖాళీ లేదు. ఊపిరితిత్తుల్లోకి గాలి కొట్టే అంబు బ్యాగ్‌ను నేను కాసేపు, వాళ్ళ బాబాయి కాసేపు, చెల్లెలు కాసేపు, రాత్రంతా చేత్తో నొక్కాం. అయిదు సెకన్లకొకసారి. తెల్లారేసరికి నా వేళ్ళు మడత విప్పుకోలేదు.

సమయం దాటితే పట్టుబడిన ఎంజైముకు మళ్ళీ ప్రాణం రాదు, దాన్ని విడిపించే పామ్ ఇంజెక్షను కూడా అప్పుడు పనిచెయ్యదు. ఒళ్ళు కొత్త ఎంజైమును తయారుచేసుకునే దాకా మనం కాచుకోవడమే. దానికి రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు. నరాలు చెడలేదు, కండలు చెడలేదు, వెంట్రుకలో వెయ్యో వంతు సందు శుభ్రపడాలి, అంతే.

పదకొండో రోజు పొద్దున మంచం దగ్గర నిలబడి తల లేపమన్నాను. లేపాడు. నేను పది లెక్కపెట్టేదాకా దించలేదు.

ఉంటాను,
అమ్మమ్మ